ఊపిరి తీసుకునే మూత

జనవరి 14, ఆదివారం

కుడికన్నులో చుక్కలు: ఏడు, పదకొండు, మూడు, రాత్రి ఏడు.

ఇంత రాస్తే చాలంది నర్సు కన్నిక. "మావయ్యా, ఏ పూట చుక్కలు వేసుకున్నారో ఇందులో రాయండి. వేసుకోకుండా వేసుకున్నానని నాతో వాదించకండి" అంటూ రెండువందల పేజీల పుస్తకం చేతిలో పెట్టింది. రోజుకి నాలుగు అంకెలు రాయడానికి ఇంత పుస్తకం ఎందుకో. మిగతాది ఖాళీగా వదిలేస్తే దండగ కదా. వస్తువు దండగ చెయ్యడం మా ఇంటా వంటా లేదు.

దీన్ని ఎవరూ చదవరు. మా ఆవిడ లమున్ అసలు చదవదు. పెళ్ళికి ముందు నేను రాసిన ఉత్తరాలే అర్థంకాక మా చెల్లెలి చేత చదివించుకుంది. అదొక్కటే నా రాతలో ఉన్న మంచి గుణం.

ఒంటికన్నుతో రాస్తుంటే అక్షరం గీత మీద నిలవట్లేదు.

జనవరి 15, సోమవారం

చుక్కలు నాలుగుసార్లు. పంజరంలో పికిలిపిట్ట బాగా కూసింది. రబ్బరు షెడ్డుకి వెళ్ళొద్దన్నారు. వెళ్ళాలని నాకూ లేదు.

జనవరి 16, మంగళవారం

చుక్కలు నాలుగుసార్లు. ఎనిమిదింటికి షెడ్డులో రోలర్ల చప్పుడు వినిపించింది. నేను లేకుండానే తిరుగుతున్నాయి.

జనవరి 17, బుధవారం

ఇవాళ పరామర్శకి వచ్చిన పదకొండో మనిషికి కూడా జరిగింది చెప్పాను. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. ఇక్కడ ఒకసారి రాసి పెట్టుకుంటే, రేపు ఎవరికి చెప్పినా ఒకేలా చెప్పొచ్చు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటప్పుడు, యాసిడ్ బల్ల దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను. సీసా దించుతుండగా మూత దానంతటదే ఎగిరిపోయింది. యాసిడ్ కంట్లో పడింది. అంతే. నా తప్పు లేదు. ఈ ఉమ్మడి షెడ్డుకి వచ్చే ఇరవై మూడు ఇళ్ళ రబ్బరు పాలు ఇరవై ఆరేళ్ళుగా నా చేతి యాసిడ్‌తోనే గడ్డకట్టాయి. చెంచా పట్టలేదు, కొలత పాత్ర పట్టలేదు. పాల చిక్కదనం చూసి, గాలిలో తేమ చూసి పోస్తాను. అలాంటివాడు తప్పు చేస్తాడా. బొటనవేలికి కూడా కాస్త చురుక్కుమంది గానీ అది వేరే సంగతి.

తరవాత జరిగింది మాత్రం రాయడానికే సిగ్గు. కుయ్యోమంటూ కన్ను పట్టుకుని తిరుగుతున్నానట. ట్రేలు కడుగుతున్న లమున్ వచ్చి, కాలు అడ్డం పెట్టి నన్ను కుళాయి కింద పడేసింది. చొక్కా పర్రున చింపేసింది. నా గుండెల మీద ఎక్కి కూర్చుంది. లమున్ డెబ్బై రెండు కిలోలు. ఒక చేత్తో రెప్పలు విప్పి పట్టుకుని, మంచి కంట్లోకి నీళ్ళు పోకుండా తల ఓ పక్కకి వంచి, కుళాయి తిప్పేసింది. ఎదురుగా గోడ గడియారం. చూస్తూ కూర్చుంది.

"చాల్లేవే, పోయింది, మంట పోయింది" అన్నాను.

"నాలుగు నిమిషాలే అయింది. నోరు మూసుకో, కన్ను తెరువు."

ఈలోగా మా అమ్మ తాంబూలం పెట్టెలోంచి ఎర్ర సున్నం తీసుకుని పరిగెత్తుకొచ్చింది. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి, పరిగెత్తడం అప్పుడే చూశాను. యాసిడ్‌కి విరుగుడు సున్నమని మా నాన్న చేతులకి జీవితమంతా రాసింది. నా కంట్లో పెట్టబోతే లమున్ మోచేత్తో ఆపేసింది. "అత్తయ్యా, ఆ సున్నం ఆకుకి రాసుకోండి, కంటికి కాదు" అంది. షెడ్డులో ఉన్న ముప్పైమందీ విన్నారు.

ఇరవై నిమిషాలు. ఒక్క సెకను తగ్గించలేదు. అప్పుడు లేచి, బండి వెనకాల కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. చొక్కా లేకుండా ట్రాంగ్ పట్నం బజారంతా తిరిగాను.

డిసెంబరులో నర్సు షెడ్డులో పెట్టిన క్లాసులో ఇదంతా లమున్ నేర్చుకుందట. ఆ క్లాసుకి నేనూ వెళ్ళాను. వెనక వరసలో నీడ బాగుంది. నిద్ర బాగా పట్టింది.

జనవరి 18, గురువారం

లమున్‌తో మాట్లాడటం లేదు. తనింకా గమనించినట్టు లేదు.

జనవరి 20, శనివారం

చుక్కలు నాలుగుసార్లు.

ఊళ్ళో నాకు కొత్త పేరు పెట్టారు: ఇరవై నిమిషాలు. పొద్దున కాఫీ కొట్టుకి వెళ్తే, వేయించిన పంది మాంసం కోస్తున్నవాడు కత్తి ఆపి మరీ అడిగాడు. "అన్నా, గుండెల మీద కూర్చున్నప్పుడు బరువెక్కువా, నీళ్ళెక్కువా?" కొట్టంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా నవ్వుతారు.

పెద్దాసుపత్రి డాక్టరు మొన్న చెప్పిన మాట ఎవరికీ చెప్పలేదు. "వెంటనే కడిగారు కాబట్టి పైపొర మాత్రమే కమిలింది. ఇలాగే వదిలేసి బండెక్కి వచ్చుంటే ఈ కన్ను గురించి మనం మాట్లాడుకునేవాళ్ళం కాదు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు లమున్ బయట మందులు కొంటోంది. తనకి చెప్పాల్సింది. మాట్లాడటం లేదు కదా, ఎలా చెప్తాను.

జనవరి 23, మంగళవారం

కట్టు విప్పారు. మంచు కురుస్తున్నట్టుంది గానీ కిటికీ కనిపించింది. కిటికీలో కొబ్బరిచెట్టు కనిపించింది. సంతోషం పట్టలేక కన్నికకి మా పికిలిపిట్టని ఇస్తానన్నాను. ఇంటికొచ్చే దారిలో ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

కన్నిక ప్రమాదం కాగితం నింపుతూ అడిగింది. "మూత ఎటు ఎగిరింది మావయ్యా?"

"పైకి."

"తరవాత దొరికిందా?"

"లేదు."

"బాగా బిగించి ఉందా?"

"బిగించే ఉంటుంది. యాసిడ్ గది చూసే ఉబోన్ కదా బిగించేది."

కలం ఆపి నా మొహం చూసింది. "అలాగే రాయనా?"

"రాసుకో" అన్నాను. రాసుకుంది.

జనవరి 24, బుధవారం

షెడ్డు పెద్ద సథియన్ వచ్చాడు. ఉబోన్ దగ్గర యాసిడ్ గది తాళంచెవి తీసేసుకున్నాడట. "నీ కన్ను పోయేది అన్నా. ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా. ఫిబ్రవరి పదకొండున సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసేస్తాం" అన్నాడు.

"పోనీలే, ఆడమనిషి, తెలియక బిగించి ఉంటుంది. వదిలేయ్" అన్నాను.

"నీది ఎంత పెద్ద మనసన్నా" అన్నాడు.

కాఫీ చల్లారిపోయింది. అయినా తాగాను.

జనవరి 25, గురువారం

మూత ఎండకి కూడా ఎగిరి ఉండొచ్చు. ఆ రోజు ఎండగానే ఉంది.

జనవరి 26, శుక్రవారం

ఉబోన్ వచ్చింది. నాలుగు గిన్నెల క్యారేజీ తెచ్చింది. సతో చిక్కుడు గింజలు, రొయ్యలు, పులుసు, అన్నం. గిన్నెలు ఒక్కొక్కటే విప్పి నా ముందు పెట్టి, తను ఎదురుగా కూర్చుంది.

"తిను అన్నా. నువ్వు బాగా కోలుకోవాలి. కోలుకున్నాక నీ కాళ్ళు విరగ్గొడతాను" అంది.

"నేనేం చేశాను?"

"నా మూత పేలదు. యాసిడ్ దానంతటదే కాస్త గాలి పుట్టిస్తుంది. అందుకని ప్రతి మూతకీ సన్న రంధ్రం ఉండే రకం పట్నం నుంచి తెప్పించాను. నా మూత ఊపిరి తీసుకుంటుంది. ఊపిరాడేవాడు ఊపిరాడక చస్తాడా? నువ్వు సరిగ్గా చూసి ఉండవు. ఆ మాటే సథియన్‌తో చెప్పు. 'సరిగ్గా చూడలేదు' అను చాలు."

నేను రొయ్య వలుస్తూ కూర్చున్నాను.

ఈ ఉబోన్‌కి యాసిడ్ అంటే ఊరికే పట్టింపు కాదు. ఎవరో కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచిన మిగులు యాసిడ్‌ని వాళ్ళ నాన్న దాహానికి ఒక గుక్క తాగాడు. బతికాడు. గొంతు మాత్రం పోయింది. ఇప్పుడు ఎవరితో మాట్లాడినా చెవిలో గుసగుసే. అప్పట్నించి ఉబోన్ ఏ సీసాకైనా ఎర్ర అక్షరాలతో చీటీ అంటించనిదే బయటికి ఇవ్వదు. షెడ్డు సెలవు రోజుల్లో ఇంటి దగ్గర రబ్బరు షీట్లు చేసుకునేందుకు ఇళ్ళవాళ్ళు తీసుకెళ్ళే సీసాలు కూడా లెక్కపెట్టి వెనక్కి తీసుకుంటుంది. షీట్లు ఆరబెట్టే పొగ గది గోడని ఆనుకుని ఉండే పెద్ద క్యాన్లని పొయ్యి వేడి తగలకూడదని అవతలి నీడలోకి మార్పించింది కూడా తనే. దానివల్ల నాకు పదకొండు అడుగులు నడక పెరిగిందని ఏడాదంతా సణిగాను.

వెళ్ళేటప్పుడు క్యారేజీ వదిలేసి వెళ్ళింది. "ఖాళీ గిన్నెలు పంపించకు, తెలుసుగా" అంది.

జనవరి 28, ఆదివారం

చుక్కలు మూడుసార్లు. ఒకటి మర్చిపోయాను. రాస్తున్నా కదా, వాదించను.

రొయ్యలు చాలా బాగున్నాయి. అరగలేదు.

ఫిబ్రవరి 1, గురువారం

నా చోట్లో ఇప్పుడు లమున్ యాసిడ్ కలుపుతోంది. ఎవరో ఒకరు కలపాలి కాబట్టి తాత్కాలికంగా అట.

ఇవాళ కంచె అవతల నుంచి చూశాను. షెడ్డులోకి వెళ్ళొద్దన్నారు గానీ కంచె దగ్గర నిలబడొద్దనలేదు. ముందు మూడు పాలడబ్బాల నీళ్ళు పోస్తుంది. ఆ నీళ్ళలోకి చెంచాతో యాసిడ్ వేస్తుంది. ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెడుతుంది, పిల్లలకి ఎక్కాలు చెప్పినట్టు. చేతులకి మోచేతి దాకా తొడుగులు, కళ్ళకి పెద్ద అద్దాలు. కప్పకి పెళ్ళి చేసినట్టుంది వాలకం. గాలికి అటు నిలబడాలా ఇటు నిలబడాలా అని వేలు తడిపి చూసుకుంటుంది. నేను ఒక ట్రే పూర్తిచేసే లోపల తను ఇంకా వేలు తడుపుతూ ఉంటుంది.

మధ్యాహ్నం షీట్లు కొనేవాడు వచ్చి, ఒకటి ఎండకి పెట్టి చూసి, "బుడగ లేదు, మచ్చ లేదు. ఈ వారం ఎవరు కలుపుతున్నారు?" అన్నాడు.

ఎండాకాలం పాలు ఎవరు కలిపినా బాగానే వస్తాయి.

ఫిబ్రవరి 2, శుక్రవారం

ఎవరు కలిపినా బాగా రావు. పోయిన ఏడాది ఇదే నెలలో నేను కలిపినవాటికి బుడగలు వచ్చాయి.

ఫిబ్రవరి 4, ఆదివారం

పుస్తకంలో కూడా అబద్ధం రాసుకునే వెధవని లోకంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఎవరూ చదవని చోట ఎవరి కోసం రాస్తున్నట్టు.

మూత ఎగరలేదు. మూత బల్ల మీదే ఉంది. నేనే విప్పి అక్కడ పెట్టాను.

సీసాలో రెండు వేళ్ళంత యాసిడ్ మిగిలింది. దాన్ని పారబోయడానికి మనసొప్పదు. వంచితే పూర్తిగా రాదు. అందుకని సీసాలోనే ఇన్ని నీళ్ళు పోసి, బొటనవేలితో మూతి మూసి, గిలకొట్టి, ఆ కడుగు నీళ్ళు ట్రేలో పోస్తాను. మా నాన్న అలాగే చేసేవాడు. నర్సు ఆ రోజు క్లాసులో యాసిడ్‌లో నీళ్ళు పోయకండి, నీళ్ళలో యాసిడ్ వెయ్యండి అని చెప్పిందట. నేను నిద్రలో ఉన్నాను. గిలకొడుతుంటే వేలి కింద గాలి ఒత్తుతుంది. ఇరవై ఆరేళ్ళు ఒత్తింది, ఇరవై ఆరేళ్ళు ఆపాను. ఆ రోజు వేలు జారింది.

ఇదీ జరిగింది. బొటనవేలి మీద చర్మం ఇంకా లేస్తోంది. అందరి ముందూ దాన్ని పిడికిట్లో దాచుకుని తిరుగుతున్నాను, దొంగకి తేలు కుట్టినట్టు.

రాసేశాక కాస్త తేలిగ్గా ఉంది. ఇక్కడ రాస్తే సరిపోతుందేమో. సరిపోదు, తెలుసు.

ఫిబ్రవరి 6, మంగళవారం

భయమూ నవ్వూ కలిసి వస్తున్నాయి. వరసగా రాయాలి.

సాయంత్రం నాలుగింటికి ఏమైతే అదయిందని షెడ్డుకి వెళ్ళాను. షీట్లు కడుగుతున్న లమున్ తప్ప ఎవరూ లేరు. పొగ గది పొయ్యి నిండా రబ్బరు కట్టెలు, గనగన మండుతున్నాయి. గోడకి ఆనుకుని రెండు నీలం క్యాన్లు. యాసిడ్ క్యాన్లు. ఉబోన్ నీడలో పెట్టినవాటిని సథియన్ వెనక్కి తెచ్చేశాడు, పదకొండు అడుగులు కలిసొస్తాయని. ఆ సణుగుడు నాదే.

చెయ్యి వేసి చూస్తే క్యాను జ్వరమొచ్చిన నుదురులా ఉంది. పక్కలు ఉబ్బి ఉన్నాయి. మూతలు చూశాను. ఉబోన్ మూతలు కావు. రంధ్రం లేని గట్టి మూతలు, పైన ఇనప తీగ చుట్టి మరీ బిగించారు. మళ్ళీ ఎగిరిపోకుండా అట. నా మూత ఎగిరిందని చెప్పింది నేను. ఆ మాట నమ్మి సథియన్ ఇంత జాగ్రత్త చేశాడు.

"లమున్" అని పిలిచాను. పంతొమ్మిది రోజుల తరవాత మొదటి మాట.

చూసింది. అరవలేదు. "ముందు పొయ్యి" అంది. ఇద్దరం పొడుగు ఊచలతో మండే కట్టెలన్నీ బయటికి లాగి, దూరంగా ఈడ్చి నీళ్ళు పోశాం. నేను క్యాను మూత విప్పబోతే చేతి మీద ఒక్కటిచ్చింది. "వేడి మీద విప్పుతావా? చల్లారనీ. తలుపులన్నీ తీసెయ్. ఉబోన్‌కి ఫోన్ చెయ్." చేశాను. "తొడుక్కో" అని చేతి తొడుగులు, కళ్ళద్దాలు విసిరింది. తొడుక్కున్నాను. నేనూ కప్పనయ్యాను.

ఉబోన్ మూతల సంచీ పట్టుకుని బండి మీద వచ్చింది. వెనకాల సథియన్. గోడ చల్లారేదాకా ముప్పావుగంట దూరంగా కూర్చున్నాం. అప్పుడు ఉబోన్ అద్దాలు పెట్టుకుని, మొహం పక్కకి తిప్పి, తీగ కోసి, మూతని వెంట్రుకవాసి వెంట్రుకవాసి తిప్పింది. క్యాను బుస్సుమని చాలాసేపు ఊపిరి వదిలింది. పక్కలు మెల్లగా లోపలికి పోయాయి. రెండోది కూడా అంతే. ఇద్దరిద్దరం మోసి నీడలో పెట్టాం.

ఉబోన్ సథియన్ వైపు తిరిగింది. "చూశావా, బిగిస్తే ఏమవుతుందో. ఈ మూతలు పెట్టి మంట పక్కన పెట్టావు. ఆవిరి బయటికొచ్చి ఉంటే మంటకి అంటుకుని ఈ షెడ్డు ఉండేది కాదు."

"అది కాదక్కా, నీ మూత ఎగిరిందనే కదా..." అన్నాడు సథియన్. అని నా వైపు తిరిగాడు. లమున్ నా వైపు తిరిగింది. ఉబోన్ కూడా.

"నాకు చుక్కల టైమైంది" అన్నాను. వచ్చేశాను.

ఫిబ్రవరి 7, బుధవారం

చుక్కల టైము ఏడింటికి. అప్పుడు ఐదున్నర. అందరికీ తెలుసు.

ఫిబ్రవరి 8, గురువారం

పొద్దున అన్నం పెడుతూ లమున్ నా పిడికిలి విప్పింది. బొటనవేలు చూసి మళ్ళీ మూసింది.

"ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"కుళాయి కిందే. ఇరవై నిమిషాలు నీ చెయ్యి నా మోకాలి కిందే ఉంది కదా. మూత ఎగిరితే బొటనవేలు లోపలి వైపు కాలదు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నావు?"

"కన్ను కడగడం నాకు చేతనవును కాబట్టి కడిగాను. నీ నోరు నేను కడగలేను. నువ్వే కడుక్కోవాలి" అంది. ఇంకో గరిటె పులుసు పోసింది. కోపం లేదు మొహంలో. ఉన్నా బాగుండేది.

"నిజం చెప్తే మళ్ళీ నన్ను యాసిడ్ ముట్టనివ్వరు."

"ముట్టనివ్వరు" అంది.

డాక్టరు చెప్పిన మాట అప్పుడు చెప్పాను. వెంటనే కడగకపోతే కన్ను ఉండేది కాదన్నాడని. విని, లేచి, గిన్నెలు తోమడానికి వెళ్ళింది. అవి తోమిన గిన్నెలే.

ఫిబ్రవరి 9, శుక్రవారం

కన్నిక బోర్డు చదివించింది. చివరి వరస తప్ప అన్నీ చదివాను. చివరి వరస ఎడమ కన్నుతో కూడా చదవలేను, అది వయసు. "మావయ్యా, కన్ను దక్కింది" అంది. ఆరోగ్య కేంద్రం మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. నీళ్ళు మంచివని ఆవిడే చెప్పింది కదా.

తరవాత లోపలికి వెళ్ళి, "ఆ కాగితం దిద్దాలి" అన్నాను. కన్నిక సొరుగులోంచి తీసింది. మూత అన్న చోట పెన్సిలుతో రాసి ఉంది. మిగతాదంతా సిరా.

ఫిబ్రవరి 11, ఆదివారం

సమావేశం పదింటికి. ఇరవై మూడు ఇళ్ళవాళ్ళూ వచ్చారు. మా అమ్మ కూడా తాంబూలం పెట్టెతో వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఉబోన్ వెనకాల, పక్కన వాళ్ళ నాన్న. సథియన్ తీర్మానం చదవబోతుంటే నేను లేచాను.

నోటితో చెప్పలేనని ముందే తెలుసు. అందుకని ఖాళీ సీసా తెచ్చుకున్నాను. బాగా కడిగింది. అందులో నీళ్ళు పోశాను. బొటనవేలితో మూశాను. "ఆ రోజు ఇదీ నేను చేసింది" అని గిలకొట్టాను. వేలు కాస్త జార్చాను. నీళ్ళు చిమ్మి నేరుగా సథియన్ మొహాన పడ్డాయి.

"మూత బల్ల మీద ఉంది. ఉబోన్ మూత ఎగరలేదు. అబద్ధం చెప్పాను. ఆ అబద్ధంతో మొన్న షెడ్డు తగలబడబోయింది. తప్పు నాది" అన్నాను.

సథియన్ మొహం మీంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవట్లేదు.

అప్పుడు మా అమ్మ చెయ్యెత్తింది. "నేనూ అలాగే చేస్తాను. నేనే వీడికి నేర్పాను. మా ఆయన నాకు నేర్పాడు. రెండు వేళ్ళ యాసిడ్ ఎవరు పారబోస్తారు?" అంది.

వెనకాల ఒక చెయ్యి లేచింది. దాని పక్కన ఇంకోటి. కాఫీ కొట్టువాడి పెళ్ళాం. ఆ తరవాత వరసగా. కొందరు సగమే ఎత్తారు, తల గోక్కుంటున్నట్టు. చివరికి సథియన్ కూడా, తడి మొహంతోనే, చెయ్యి పైకి లేపాడు. లెక్కపెట్టాను. ఇరవై మూడు ఇళ్ళలో పంతొమ్మిది. మిగతా నలుగురు అబద్ధాలకోరులని నా అనుమానం.

ఉబోన్ లేచి నిలబడింది. "అందుకా సీసాలన్నీ కడిగినట్టు తిరిగొస్తాయి. మా ఊరివాళ్ళు ఎంత మర్యాదస్తులో అనుకున్నాను ఇన్నాళ్ళూ" అంది. షెడ్డంతా ఒక్కసారి గొల్లుమంది. ఉబోన్ మాత్రం నవ్వలేదు. నడిచి నా ముందుకొచ్చింది.

"పద్దెనిమిది రోజులు అన్నా. బజారుకి వెళ్తే తల దించుకుని వెళ్ళాను. నీ కంటికి నేనే కారణమేమోనని ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది. లేచి ఆ రంధ్రాలన్నీ మళ్ళీ సూదితో పొడిచి చూసుకునేదాన్ని."

"నన్ను ఏమన్నా పడతాను" అన్నాను.

"పడతావు. ఇవాళ కాదు, రోజుకింత" అంది. సథియన్ చేతిలోంచి తాళంచెవి లాక్కుంది. వెనకాల వాళ్ళ నాన్న భుజాలు ఊగిపోతున్నాయి. దగ్గరికెళ్ళి చూస్తే నవ్వుతున్నాడు, చప్పుడు లేకుండా. నా చెవి తన నోటి దగ్గరికి లాక్కుని, "ఆ రెండు వేళ్ళే నేను తాగింది" అన్నాడు. ఆయన చెయ్యి నా భుజం మీద చాలాసేపు ఉంచాడు.

అడుగున మిగిలిన యాసిడ్ ఇకమీదట సీసాలోనే ఉబోన్‌కి తిరిగివ్వాలని తీర్మానం. దాన్ని తనే పద్ధతిగా వాడుతుందట. యాసిడ్ కలిపే పని లమున్‌దేనని ఇంకో తీర్మానం. దానికి ఎవరు వ్యతిరేకం అని సథియన్ అడిగితే అందరూ నా చేతి వైపు చూశారు. ఎత్తలేదు. ఇరవై ఆరేళ్ళ పని పోయింది. బాధగానే ఉంది, ఆ మాట దాచను. అయినా చెయ్యి బరువు దిగినట్టే ఉంది. ఈ నెల రోజుల్లో పిడికిలి విప్పి కూర్చున్నది ఇవాళే.

ఇంటికి నడుస్తుంటే దారంతా రబ్బరాకులు రాలి ఉన్నాయి. ఇంకో పది రోజులైతే పాలు ఆగిపోతాయి, షెడ్డు మూసేస్తారు. లమున్ ముందు నడుస్తోంది. వెనక్కి తిరక్కుండానే అంది.

"రేపు ఏడున్నరకి రా. పాలు వడకట్టడానికి నాకొక మనిషి కావాలి. చెప్పినట్టు వినేవాడు."

"ఆలోచిస్తాను" అన్నాను.

"అద్దాలు తెచ్చుకో" అంది.

ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో నేను పనికి వెళ్తుంటే తను వెనకాల వచ్చింది గానీ, రమ్మని తను నన్ను పిలవడం ఇదే మొదటిసారి. ఆరింటికే లేస్తాను. ఈ పుస్తకం సంగతి తనకి చెప్పను. అయినా నిద్రపోయేముందు అడిగి చూశాను, నా రాత ఇప్పుడైనా అర్థమవుతుందా అని. "పెళ్ళికి ముందు కూడా అర్థమైంది. మీ చెల్లెలి నోటితో వింటే బాగుంటుందని చదివించుకున్నాను" అంది, దీపం తీసేసింది.